తన కొలువుకు తానే యజమాని

ఒక సంస్థలో జీతానికి పనిచేసే మనిషికి పని గంటలు, వారపు సెలవు, కూర్చునే చోటు, వెలుతురు, జీతం పడే తేదీ వంటివి ఎవరో ఒకరు ముందే నిర్ణయించి ఉంటారు. అవి సరిగా లేకపోతే అడగడానికి యజమాని, ఫిర్యాదు చేయడానికి కార్మిక శాఖ, గట్టిగా నిలదీయడానికి సంఘం ఉంటాయి. పని గంటల నుంచి జీతం తేదీ దాకా ఉన్న ఏర్పాట్లన్నిటినీ కలిపి పని పరిస్థితులు అంటారు. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం వయోజన కార్మికుడి పనిని రోజుకు 9 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేయడమే కాక, గాలి, వెలుతురు, తాగునీరు, వారానికొక సెలవు సమకూర్చవలసిన బాధ్యతను యజమాని మీద మోపింది. అయితే హైదరాబాదు పాతబస్తీలో, చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో, ఇంటి ముందు గదిలోనే మగ్గం పని (జరీ, పూసల కుట్టుపని) చేసే మహిళకు, కుంపటి ముందు కూర్చుని లక్క గాజులు చేసే కారీగరుకు, ఛత్తాబజారు ముద్రణాలయాల కోసం పెళ్లి కార్డులు రూపొందించే డిజైనరుకు ఆ రక్షణ దక్కదు, ఎందుకంటే వారికి యజమాని అంటూ వేరొకరు లేరు. ఒక్కచోట జీతానికి కుదరకుండా పలువురి దగ్గర పని ఒప్పుకొని, తన పనిముట్లతో, తన పూచీ మీద చేసి ఇచ్చే ఇలాంటివారిని స్వతంత్ర వృత్తిదారులు అంటారు, ఫ్రీలాన్సర్లన్నా వీరే. వీరిలో ప్రతి ఒక్కరి దగ్గరా పనిచేసే మొదటి కార్మికుడు తానే. ఆ కార్మికుడికి న్యాయమైన యజమానిగా మెలగడం ఎలాగో వివరించడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

స్వాతంత్ర్యం ఎంత ఉందో తేల్చుకోవడం

పని పరిస్థితులను చక్కదిద్దుకోవాలంటే ముందుగా వాటిలో ఎంత భాగం తన చేతిలో ఉందో తెలుసుకోవాలి. పాతబస్తీలో ఇంటిపట్టున పనిచేసేవారందరూ ఒక్క కోవకు చెందినవారు కారు. కొందరు పెళ్లివారితో నేరుగా మాట్లాడుకొని, నమూనా తామే ఎంచి, ధర తామే చెబుతారు. మరికొందరికి దుకాణం నుంచి ఏజెంటు ద్వారా గుడ్డ, జరీ, పూసలు కట్టగా వస్తాయి. పీసుకు ఇంత అని కూలి ముందే ఖరారై ఉంటుంది. తాము కుట్టిన జాకెట్టు చివరికి ఎంతకు అమ్ముడుపోయిందో వారికి తెలియనే తెలియదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించిన 177వ ఒడంబడిక, పని ఇచ్చినవారు కోరిన విధంగా తన ఇంట్లోనో తనకు నచ్చిన చోటో వస్తువు తయారుచేసి ప్రతిఫలం పొందే వ్యక్తిని గృహ కార్మికుడిగా గుర్తించి, ఇతర వేతన కార్మికులతో సమానంగా చూడాలని కోరింది. తగినంత స్వయంప్రతిపత్తి, ఆర్థిక స్వాతంత్ర్యం ఉన్నవారిని మాత్రం ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. ఈ ఒడంబడికను భారతదేశం ధ్రువీకరించలేదు గాని, అందులోని కొలబద్ద ఎవరికైనా పనికొస్తుంది.

ఆ కొలబద్దను నాలుగు ప్రశ్నలుగా మార్చుకోవచ్చు. ధర ఎవరు చెబుతున్నారు, గడువు ఎవరు పెడుతున్నారు, ఇష్టం లేని పనిని వద్దనే వీలు ఉందా, ఆదాయంలో సగానికి మించి ఒక్కరి దగ్గర నుంచే వస్తోందా అని అడిగి చూసుకుంటే, పేరుకు స్వతంత్రంగా కనిపించే పని నిజానికి సెలవులు, భద్రత లేని కూలిపనిగా మిగిలిందో లేదో తేలిపోతుంది. అలా తేలినప్పుడు కుంగిపోనక్కరలేదు. ఏజెంటు పనిని ఒక్కసారిగా వదిలేయకుండా, నెలకు ఒకటి రెండు సొంత ఆర్డర్లతో మొదలుపెట్టి వాటి వాటాను ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పెంచుకోవడం ఎక్కువమందికి సాధ్యమయ్యే మార్గం.

యజమాని లేని పనికి కూడా పరిస్థితులు ఉంటాయన్న ఎరుక మన దేశంలో పోరాడి సాధించుకున్నదే. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ నాయకత్వాన స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా' ఏర్పడినప్పుడు, ఈ మహిళలకు యజమాని ఎవరూ లేరు కాబట్టి సంఘం ఎవరి మీద పోరాడుతుందని అధికారులు నమోదుకు అభ్యంతరం చెప్పారు. సంఘం ఉన్నది శ్రామికుల ఐక్యత కోసమని, ఎదుట యజమాని ఉండి తీరాలన్న నియమం లేదని వాదించి ఆ మహిళలు నమోదు సాధించుకున్నారు. ఒంటరిగా పనిచేసే ప్రతి వృత్తిదారుకూ ఈ వాదనలో ఆసరా ఉంది.

చోటు, వెలుతురు, శరీరం

మగ్గం పనినే దగ్గరగా చూస్తే చోటుకూ శరీరానికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. కార్చోబ్ అనే కర్రల చట్రానికి గుడ్డను బిగువుగా లాగి కడతారు. పనివారు నేల మీద బాసిపట్టు వేసుకొని, మెడ వంచి, కుడిచేత్తో పైనుంచి ఆరీ అనే కొక్కెపు సూదిని గుచ్చుతుంటే, ఎడమచేయి గుడ్డ అడుగున కంటికి కనబడకుండా దారం అందిస్తూ ఉంటుంది. చూపంతా గోరంత జాగా మీద నిలిచి ఉండటం, వెన్ను గంటల తరబడి కదలకపోవడం, రెండు చేతులూ వేర్వేరు పనులు చేయడం వల్ల అలసట మొదట కళ్లలోను, తరువాత మెడలోను, చివరకు నడుములోను పేరుకుంటుంది. చట్రాన్ని మోకాళ్ల ఎత్తు నుంచి మరికాస్త పైకి లేపి, గోడకు వీపు ఆనే విధంగా దిండు పెట్టుకొని, దీపాన్ని నెత్తిమీద కాకుండా చేతి నీడ పనిమీద పడని పక్కన అమర్చుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. దగ్గరి పని చేసేవారు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడాలని కంటి వైద్యులు చెప్పే సూత్రం పాతబస్తీ ఇరుకు గదుల్లో కూర్చున్న చోట సాధ్యపడదు; కాబట్టి లేచి గుమ్మం దాకానో డాబా మీదికో వెళ్లడాన్ని ఆ సూత్రంలో భాగం చేసుకుంటే కళ్లకు, నడుముకు ఒకేసారి విశ్రాంతి దొరుకుతుంది.

కొన్ని పనులకు గాలి అన్నిటికంటే ముఖ్యం. కాగితం మీద గీసిన నమూనాకు సూదితో వరుసగా రంధ్రాలు పొడిచి, దాన్ని గుడ్డ మీద పరచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని రుద్ది చుక్కలుగా దించే పద్ధతి మగ్గం పనిలో వాడుకలో ఉంది. ఆ పని వంటగదికి దూరంగా, తలుపులు తీసిన చోట జరగాలి. లక్క గాజుల పనిలో బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరచి, తీగగా సాగదీసి, గాజుగా చుట్టి, వేడి చల్లారకముందే రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు కాబట్టి, మనిషి నిప్పుకు చేయి చాపినంత దూరంలోనే రోజంతా ఉండక తప్పదు. మూసిన గదిలో బొగ్గు కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు గాని వాసన గాని ఉండదు. తలనొప్పి, మగత, వికారం దాని తొలి గుర్తులు కాగా, మోతాదు పెరిగితే ప్రాణానికే ముప్పు వస్తుంది. అందుచేత కుంపటి ఉన్న గదికి ఎదురెదురుగా రెండు తెరుపులు ఉండటం యజమాని దయగా ఇచ్చే సౌకర్యం కాదు, పని మొదలుపెట్టడానికే షరతు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో నిప్పు పనిని తెల్లవారుజామున ముగించి, రాళ్లు ఏరడం, డజన్లుగా కట్టడం, లెక్కలు రాయడం వంటివి మధ్యాహ్నానికి మిగుల్చుకోవాలి.

ఇల్లే కార్ఖానా అయినప్పుడు గోడల కంటే వేళలు ఎక్కువ అక్కరకొస్తాయి. విడిగా గది లేకపోయినా ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు ఈ మూల పనిదని ఇంటిల్లిపాదికి తెలిసి ఉండాలి. ఆ వేళ ముగిశాక చట్రాన్ని గోడకు ఆనించి, సూదులు, పూసలు డబ్బాలో పెట్టి మూసేయాలి. ముఖ్యంగా మహిళల విషయంలో వంట, పిల్లలు, అతిథుల మర్యాదలు పని వేళలోకి జొరబడితే, కోల్పోయిన ఆ గంటలు రాత్రి నిద్రలోంచే తీరుతాయి. ఈ సంగతిని కుటుంబంతో తేటగా మాట్లాడుకోవడం కూడా పని పరిస్థితుల నిర్వహణలో భాగమే.

రెండు పంచాంగాల మధ్య ఏడాది

పాతబస్తీ గిరాకీ రెండు పంచాంగాల మీద నడుస్తుంది. రంజాను నెలలో లాడ్‌బజారు, మదీనా, పత్తర్‌గట్టి వీధులు సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున చేసే భోజనం) వేళ దాకా కిటకిటలాడతాయి. ముహర్రం, రంజాను నెలల్లో ముస్లిం కుటుంబాల్లో పెళ్లిళ్లు అరుదు. తెలుగు కుటుంబాలకు మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ మాసాలు ముహూర్తాలవి కాగా, ఆషాఢం, భాద్రపదం, మూఢాలు వచ్చినప్పుడు మగ్గం జాకెట్ల ఆర్డర్లు మందగిస్తాయి. ఇస్లామీయ సంవత్సరం సుమారు 354 రోజులది కావడంతో రంజాను ఏటా 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. తెలుగు పంచాంగం అధికమాసం చేర్చుకొని రుతువులతో కలిసి నడుస్తుంది. అందువల్ల ఈ రెండు రద్దీలు కొన్నేళ్లు వేర్వేరుగా వచ్చి ఆదాయాన్ని ఏడాదంతా పంచుతాయి, కొన్నేళ్లు ఒకదానిపై ఒకటి పడి ఊపిరి సలపనివ్వవు. 2025లో మార్చి మొదటి వారంలో మొదలైన రంజాను 2026లో ఫిబ్రవరి మూడో వారానికి వచ్చి మాఘ, ఫాల్గుణాల ముహూర్తాలకు చేరువైంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి మొదలవుతుంది. నిరుటి అనుభవంతో ఈ ఏటి సరుకు, సమయం అంచనా వేసేవారు దెబ్బతినేది ఇక్కడే.

కాబట్టి ప్రతి ఏడాది మొదట్లో గోడ క్యాలెండరు మీద రెండు పంచాంగాలనూ గుర్తించి, నెలలను రద్దీ, మామూలు, మందకొడి అని మూడుగా విడదీయాలి. రద్దీ నెలలో రోజుకు 10 గంటలు, మామూలు నెలలో 8 గంటలు మించరాదని, వారానికి ఒక పూర్తి సెలవు ఏ నెలలోనైనా తప్పదని, రద్దీ ముగిసిన వెంటనే ఒక వారం విశ్రాంతి ఉంటుందని ముందే రాసుకోవాలి. ఆ పరిమితి నుంచే ఒప్పుకోదగిన ఆర్డర్ల సంఖ్య తేలుతుంది. రద్దీ నెలలో 26 రోజులు, రోజుకు చేతిపని సాగే నికర గంటలు 8 అనుకుంటే మొత్తం 208 గంటలు; ఒక్కో జాకెట్టుకు 20 గంటలు పట్టే నమూనా అయితే పదింటిని ఒప్పుకోవచ్చు. పదకొండోదాన్ని గడువు పొడిగించి తీసుకోవాలి, లేదా తోటి వృత్తిదారుకు అప్పగించాలి, లేదా మర్యాదగా వద్దనాలి. వద్దనడం వల్ల గిరాకీ పోతుందన్న భయం సహజమే గాని, పెళ్లి నాటికి జాకెట్టు అందని కుటుంబం తిరిగి రాదన్నది అంతకంటే నిశ్చయమైన నిజం.

గంటకు వెల కట్టడం

పొద్దస్తమానం పనిచేసినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదన్న బాధ చాలామందిది. ధరను పక్క దుకాణం చూసి నిర్ణయించుకోవడం అందుకు ప్రధాన కారణం. తన గంట విలువ ఎంతో తనకు తెలియని యజమాని తన కార్మికుడికి న్యాయం చేయలేడు. ఉదాహరణకు, ఒక మగ్గం పనివారికి ఇంటి అవసరాలకు నెలకు 18,000 రూపాయలు కావాలని, అద్దెలో పని వాటా, కరెంటు, సూదులు, మరమ్మతులు, ఫోను, ఆటో ఛార్జీలు, బీమా, ముసలితనానికి దాచే సొమ్ము కలిపి మరో 6,000 అవుతాయని అనుకుందాం. ఏడాదికి మొత్తం 2,88,000 రూపాయలు. 365 రోజుల్లో వారపు సెలవులు 52, పండుగలు, జబ్బులు, బంధువుల శుభకార్యాలకు 33 తీసేస్తే పని దినాలు 280. బేరాలకు, సరుకు కొనడానికి, కొలతలు తీసుకోవడానికి పోయే సమయం పక్కన పెడితే రోజుకు సగటున 6 గంటలే డబ్బు తెచ్చే గంటలు, ఏడాదికి 1,680. మొదటి అంకెను ఈ అంకెతో భాగిస్తే గంటకు 171 రూపాయలకు పైగా, పై రూపాయికి సవరిస్తే 172 వస్తుంది. 20 గంటల జాకెట్టుకు సరుకు ఖరీదు కాక, మజూరీయే 3,440 రూపాయలు ఉండాలన్నమాట.

అదే జాకెట్టుకు ఏజెంటు 2,000 ఇస్తున్నాడంటే గంటకు 100 రూపాయలే గిట్టుతోంది. మిగతా 72 రూపాయలను వృత్తిదారు తన సెలవుల నుంచి, బీమా నుంచి, ముసలితనం నుంచి కోసి ఇస్తున్నట్టు లెక్క. ఈ తేడా కళ్లబడ్డాక నమూనాను తేలికపరచి గంటలు తగ్గించడమో, పెళ్లివారితో నేరుగా మాట్లాడుకోవడమో, ధర పెంచమని అడగడమో చేయవచ్చు. మందకొడి నెలల్లో తెలిసి తెలిసి తక్కువకు ఒప్పుకోవడం కూడా తప్పు కాదు, ఆ నిర్ణయం ఎన్నాళ్లకో ముందే రాసుకున్నంత వరకు.

బయానా, మాట, గడువు

ఉద్దెర బేరాల మీద నడిచే బజారులో సకాలంలో డబ్బు అందడమే అన్నిటికంటే పెద్ద పని పరిస్థితి. దుకాణం సేఠ్‌తో ఏళ్లనాటి పరిచయం ఉన్నా, ఆర్డరు ఖాయమైన రోజునే నమూనా ఫొటో, ధర, బయానా (ముందుగా తీసుకొనే సొమ్ము), అప్పగించే తేదీ, మిగతా డబ్బు చెల్లించే తేదీ, మధ్యలో మార్పు కోరితే అదనంగా ఎంత అన్న ఆరు విషయాలను ఒక వాట్సాప్ సందేశంగా పంపి, సరేనన్న జవాబు తీసుకోవడం మర్యాదకు లోటు కాదు. సరుకు సొంతంగా కొనే పనికి కనీసం సగం బయానా లేకుండా సూది పట్టకూడదన్న నియమం పెట్టుకోవడం మేలు.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకు గాని సేవ గాని పొందినవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు చెల్లించిన ఏడాదిలోనే తప్ప తన ఖర్చుగా ఆదాయపు పన్నులో చూపుకోలేడు కాబట్టి, లెక్కలు సరిగా రాసే పెద్ద దుకాణాలకు సకాలంలో చెల్లించడం సొంత లాభంగానూ మారింది. ఈ రక్షణ కోసం కేంద్ర ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో నమోదు కావాలి. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు, ఒంటరి వృత్తిదారుకు ఆధార్, పాన్ ఉంటే చాలు. పని అప్పగించాక చేసుకున్న నమోదు పాత బాకీకి అక్కరకొస్తుందన్న భరోసా లేదు గనుక ముందే చేసుకొని ఉండాలి. కేవలం కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ చెల్లింపు రక్షణ వర్తించదు.

సాయపడే చేతులు

పని పెరిగినప్పుడు వృత్తిదారు పక్కన మరో ఇద్దరిని కూర్చోబెట్టుకుంటారు. ఆ క్షణం నుంచి తాము మరొకరికి యజమానులు. తన గంటకు వెల కట్టుకోనివారు ఆర్డరును తక్కువ ధరకు ఒప్పుకొని, ఆ నష్టాన్ని తమకంటే బలహీనుల మీదికి నెడతారు. ఆ దారి ఎంత దూరం పోగలదో 2015 జనవరిలో హైదరాబాదు చూసింది. పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి, బీహారు నుంచి తీసుకొచ్చిన రెండు వందల మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. చీకటి గదుల్లో పొద్దున నుంచి రాత్రి దాకా రాళ్లు అద్దిన ఆ చిన్న చేతుల వెనక, న్యాయమైన కూలి లెక్కలోకే రాని ధర ఒకటి ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని చట్టం నిషేధిస్తోంది. సొంత కుటుంబంలోని పిల్లలైనా బడి వేళల తరువాత, హాని లేని పనుల్లో చేయందించడానికి మించి దిగకూడదు. పెద్దలైన సహాయకులకు తనకు రాసుకున్న పని వేళలు, వారపు సెలవు, కూలి తేదీ వర్తింపజేయడమే యజమాని నిజాయితీకి గీటురాయి.

తోడు, భద్రత

ఒంటరి మనిషి జబ్బుపడితే ఆదాయం ఆ రోజే ఆగిపోతుంది. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి బీమా యోజన బ్యాంకు ఖాతా నుంచే నడుస్తాయి. అసంఘటిత రంగ కార్మికుల జాతీయ జాబితా అయిన ఈ-శ్రమ్ 2021 ఆగస్టు నుంచి అందుబాటులో ఉంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం దర్జీ, కంసాలి వంటి 18 చేతివృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి రుణం అందిస్తోంది. వీటితోపాటు మూడు నెలల ఇంటి ఖర్చును విడి ఖాతాలో దాచుకుంటేనే మందకొడి నెలల్లో అప్పు కోసం తక్కువ ధరకు తలొగ్గే అవసరం తప్పుతుంది.

తోటివారితో కలిసి ఉండటం ఈ భద్రతకు రెండో అంచె. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒక ప్రాంతపు పేరుతో ముడిపడిన వస్తువు నాణ్యతకు చట్టం ఇచ్చే రక్షణ అది. కారీగర్లు సంఘంగా ఏర్పడి దరఖాస్తు చేస్తే అలాంటిది సాధ్యమవుతుంది. అయితే ఆ పేరును వాడుకొనే హక్కు కోసం కారీగర్లు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఒకే గల్లీలో నలుగురైదుగురు కలిసి కనీస మజూరీ ఇంత అని మాట అనుకున్నా, రద్దీలో ఆర్డర్లు పంచుకున్నా, డబ్బు ఎగ్గొట్టినవారి సంగతి ఒకరికొకరు చెప్పుకున్నా ఏజెంటు ముందు ఒక్కొక్కరి మాటకు బలం వస్తుంది.

అమలుకు తొలి నెల

ఈ అధ్యాయంలో చెప్పినవన్నీ ఒక్క కాగితం మీద ఇమిడిపోతాయి: పని వేళలు, వారపు సెలవు, పని చోటుకు సంబంధించిన నియమాలు, గంట ధర, బయానా షరతు, రద్దీ నెలలో గరిష్ఠ ఆర్డర్లు, సహాయకుల కూలి, బీమా కట్టవలసిన తేదీలు. జీతగాడికి నియామక పత్రం ఎలాంటిదో స్వతంత్ర వృత్తిదారుకు ఈ కాగితం అలాంటిది. దీన్ని పని గోడకు అంటించి, ఆరు నెలలకు ఒకసారి తిరగరాయాలి. అయితే ఊహించుకొని రాసిన నియమాలు నిలవవు కాబట్టి, మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా రోజూ ఎన్ని గంటలకు కూర్చున్నదీ, ఎప్పుడు లేచినదీ, ఏ పనికి ఎంత సమయం పట్టినదీ, ఎంత డబ్బు వచ్చినదీ నోటుపుస్తకంలో రాయాలి. మూడో వారం ఆ అంకెలతో గంట ధర, ఆర్డర్ల పరిమితి కట్టాలి. నాలుగో వారంలో వచ్చే మొదటి కొత్త ఆర్డరుకు ఆ ధరను, ఆ బయానాను, ఆ గడువును చెప్పాలి. పాత గిరాకీలన్నిటినీ ఒకేసారి మార్చబోకుండా, కొత్తగా వచ్చే ప్రతి ఆర్డరునూ కొత్త షరతుల మీద తీసుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి పనిలో ఎక్కువ భాగం వృత్తిదారు తానుగా నిర్ణయించిన పరిస్థితుల్లోకి వస్తుంది.